బ్రయర్ దిమ్మలో ముందు రంధ్రమా, ముందు ఆకారమా?

గరుకుచెయ్యి

అందరికీ నమస్కారం. చిన్న చిన్న కొయ్య పనులు చాలాకాలంగా చేస్తున్నాను. గరిటెలు, మూత పెట్టెలు, పిల్లల బొమ్మలు చెక్కాను. ఇప్పుడు చేత్తో ఒక పొగాకు పైపు చేయాలని మనసు పట్టింది. చదివేకొద్దీ సందేహాలు పెరుగుతున్నాయి కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను.

రంధ్రాలన్నీ ముందే వేసి, నోటిగొట్టం కూడా అమర్చి అమ్మే దిమ్మలు ఉన్నాయి. ఏ రంధ్రమూ లేని దిమ్మలూ ఉన్నాయి. మొదటిసారి చేసేవాడు ఏది తీసుకోవాలి? నా దగ్గర బెంచి వైస్, నిలువు డ్రిల్లు, రకరకాల ఆకురాళ్లు, చేతిరంపం ఉన్నాయి. లేత్ లేదు. ఇంకో మాట, పైపులకు మామూలుగా వాడే బ్రయర్ అనే గట్టి చెక్క తప్ప వేరే చెక్క పనికిరాదా?

చేవమాను

స్వాగతం. మొదటి పైపుకు రంధ్రాలు వేసిన దిమ్మే తీసుకోండి. అందరూ గిన్నె, అంటే పొగాకు నింపే లావు భాగం, దాని అందం గురించి మాట్లాడతారు కానీ, పైపు బాగుందో లేదో తేల్చేది లోపలి దారి. ఆ దారి ఎలా ఉండాలో ఒకసారి చేతికి, కంటికి అలవాటయ్యాక మీరే వేసుకోవచ్చు.

లోపల మూడు రంధ్రాలు ఉంటాయి. పొగాకు పట్టే గొయ్యి సాధారణంగా 19 నుంచి 20 మిల్లీమీటర్ల వెడల్పు, 35 నుంచి 45 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది. అడుగు గుండ్రంగా ఉండాలి. గిన్నెనూ నోటిగొట్టాన్నీ కలిపే కాడలోంచి వచ్చే పొగదారి 3.5 నుంచి 4 మిల్లీమీటర్లు. కాడ చివర నోటిగొట్టం దిగే గుంట 7 లేదా 8 మిల్లీమీటర్లు. లెక్కలు ఇంతే. కష్టమంతా ఈ మూడూ ఒకదానికొకటి కలిసే చోట ఉంది.

పొగదారి గొయ్యి అడుగున సరిగ్గా మధ్యలో తెరుచుకోవాలి. కాస్త పైన తెరుచుకుంటే దాని కింద ఉన్న పొగాకు కాలకుండా తడిసి ముద్దగా మిగిలిపోతుంది. మరీ కిందికి పోతే అడుగు చెక్కలో గాడి పడుతుంది, వేడి ఎక్కువగా తగిలే చోటే చెక్క పలచబడుతుంది. పక్కకు జరిగితే ఒక వైపు గోడ ముందుగా కాలుతుంది. నోటిగొట్టంలోంచి పైపు శుభ్రం చేసే నూలు తీగ దూర్చి చూడండి. ఎక్కడా తట్టుకోకుండా నేరుగా గొయ్యిలోకి వస్తే ఆ పైపు రంధ్రాలు సరిగ్గా పడ్డట్టే.

చెక్క గురించి మిగతావారు చెబుతారు. నా మట్టుకు నాకు బ్రయర్ తర్వాతే ఏదైనా.

వంకరకాడ

చేవమాను గారి కొలతలతో పేచీ లేదు. సలహాతోనే పేచీ. రంధ్రాలు వేసిన దిమ్మ కొంటే సగం పైపు మీ ప్రమేయం లేకుండా ఎవరో నిర్ణయించేశారన్నమాట. గిన్నె ఎక్కడ, కాడ ఎటు, వంపు ఎంత అన్నవి అప్పటికే తేలిపోయి ఉంటాయి. లోపల చెక్క గీతలు ఎటు పోతున్నాయో ఆ రంధ్రాలు వేసినవాళ్లు చూసి ఉండరు.

బ్రయర్ అనేది ఎరికా ఆర్బోరియా అనే పొద మొక్క మొదలులో, వేరుకూ కాండానికీ మధ్య పెరిగే గడ్డ. మధ్యధరా సముద్ర తీరాల్లో పెరుగుతుంది. అడవి తగలబడి పైమొక్క మసైపోయినా ఈ గడ్డలోంచి మళ్లీ చిగురిస్తుంది. గడ్డ నడిమి నుంచి బెరడు వైపుకు గీతలు విచ్చుకుంటూ పోతాయి. గడ్డ లోపలి భాగం నుంచి కోసిన దిమ్మలను ఎబోషాన్ అంటారు. బెరడు అంటుకుని ఉండే పైభాగం నుంచి కోసినవి ప్లాటో దిమ్మలు. గీతలు తీరుగా, దగ్గరదగ్గరగా ఉండేవి ప్లాటోలోనే.

ఆ గీతలను పక్క నుంచి చూస్తే నిట్టనిలువుగా కనిపిస్తాయి. కొస నుంచి చూస్తే అవే చిన్న చిన్న చుక్కలు. ఆ చుక్కల వరసనే పక్షికన్ను అంటాం. అంటే గిన్నె నిలువు గీతల దిశలోనే నిలబడితే గోడల మీద గీతలు, అంచు మీద పక్షికళ్లు వస్తాయి. గిన్నెను అడ్డంగా తిప్పితే రెండు పక్కలా పక్షికళ్లు, ముందూ వెనకా గీతలు. ఏది కావాలో మీరు ఎంచుకోవాలి. రంధ్రాలు వేసిన దిమ్మలో ఆ అవకాశం ఉండదు.

సిక్స్టెన్ ఇవార్సన్ అనే పైపుల తయారీదారు డెన్మార్క్‌లో చేసింది ఇదే. గీతలను బట్టి ముందు ఆకారం తీసి, తర్వాత రంధ్రాలు వేసేవాడు. అప్పటిదాకా ఫ్రాన్స్, ఇంగ్లండ్ పద్ధతిలో ముందు రంధ్రం, ఆకారాలు కూడా ఒక కొలతకు కట్టుబడినవే. ఇవాళ మనం చేతిపని పైపు అని ముచ్చటపడే ఆకారాల్లో చాలా భాగం ఆ ఒక్క మార్పు నుంచి పుట్టుకొచ్చినవే.

చేవమాను

వంకరకాడ గారూ, ఇవార్సన్ అంటే నాకూ అంతే గౌరవం. కానీ ఆయన పద్ధతిలో, ఆకారం తీసేసిన ముక్కను లేత్‌లో తిరిగే డ్రిల్లు బిట్‌కు ఎదురుగా పట్టుకుని రంధ్రం వేయాలి. ఏళ్ల తరబడి అదే పని చేసిన చేతికి సాధ్యమయ్యే పని అది. బిట్ ఒక్కసారి చెక్కను పట్టేసిందంటే ముక్క చేతిలోంచి ఎగిరిపోతుంది, వేళ్లకు ప్రమాదం. అడిగినవారికి లేత్ లేదు, ఇదే మొదటి పైపు. ఆయనకు ఇది చెప్పకుండా ఆ దారి చూపడం సరికాదు.

దిమ్మకు నాలుగు పక్కలా చదునైన ముఖాలు, సరైన మూలలు ఉన్నంతసేపే దాన్ని వైస్‌లో గట్టిగా, నిటారుగా బిగించగలం. ఆకారం తీశాక బిగించడానికి ఏమీ మిగలదు. లేత్ లేనివాడు ముందు రంధ్రం వేయాలి అనడానికి ఇదొక్క కారణం చాలు.

వంకరకాడ

ప్రమాదం విషయం ఒప్పుకుంటున్నాను, ఆ మాట నేనే ముందు చెప్పి ఉంటే బాగుండేది. అయినా నడిమి దారి ఒకటుంది. రంధ్రం లేని దిమ్మను తీసుకుని, దాన్ని నీళ్లతో తడపండి. గీతలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఆరు ముఖాలూ చూసి, ఆ గీతల ప్రకారం పైపు బొమ్మను అసలు కొలతలో పెన్సిల్‌తో రెండు పక్కలా గీయండి. గొయ్యి నడిమి గీత, పొగదారి నడిమి గీత కూడా గీయండి. అప్పుడు రంధ్రం వేయండి, దిమ్మ ఇంకా చదునుగానే ఉంటుంది. ఆకారాన్ని నిర్ణయించేది చెక్క గీతలే, బిగింపూ గట్టిగానే ఉంటుంది.

గరుకుచెయ్యి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ వాదనలోంచే నాకు కావలసింది దొరికింది. రంధ్రాలు ఉన్నది ఒకటి, లేనిది ఒకటి తెప్పించుకుంటాను. మొదటిదాని మీద ఆకురాయి పని, నునుపు పని నేర్చుకుని రెండోదానికి వెళతాను. రెండోదాని కోసం ఒక ప్రశ్న: నిలువు డ్రిల్లుతో పొగదారి వేసేటప్పుడు సన్నటి పొడుగు బిట్ వంగిపోకుండా ఏం చేయాలి?

చేవమాను

మంచి ప్రశ్న, అందరూ ఇబ్బంది పడే చోటు ఇది. సన్నటి బిట్ చెక్కలోకి దిగేకొద్దీ మెత్తటి చోటు వెతుక్కుంటూ గీతల వెంట పక్కకు జరుగుతుంది. అందుకని ముందు కాడ చివర వెడల్పు గుంట వేయండి. బిట్ మొన కోసుగా ఉంటే గుంట అడుగు కూడా గరాటులా కోసుగా వస్తుంది. 4 మిల్లీమీటర్ల బిట్ మొన ఆ కోసులో కూర్చుంటుంది, నడిమి నుంచి జరగదు.

తర్వాత తొందరపడకండి. బిట్‌ను చక్‌లో వీలైనంత పొట్టిగా బిగించి మొదలుపెట్టి, దారి పడ్డాక పొడుగు బయటికి తీయండి. కొద్దికొద్దిగా దించుతూ ప్రతిసారీ బయటికి లాగి పొట్టు దులపండి. పొట్టు ఇరుక్కుంటే బిట్ వేడెక్కుతుంది, లోపల చెక్క మాడుతుంది. ఆ మాడు వాసన వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

గొయ్యికి మామూలు బిట్ వాడితే అడుగు కోసుగా వస్తుంది. చదును బిట్ ఒకటి తీసుకుని, దాని కొసను గ్రైండర్ మీద అర్ధచంద్రాకారంలో అరగదీసి, రెండు అంచులకూ పదును పెట్టుకుంటే గుండ్రటి అడుగు వస్తుంది. చాలామంది అభిరుచికారులు చేసుకునేది ఇదే. రెండు పక్కలూ ఒకేలా అరగకపోతే గొయ్యి వెడల్పు పెరిగిపోతుంది కాబట్టి, ముందు పనికిరాని చెక్క మీద వేసి కొలిచి చూడండి.

ఆకారం తీసేటప్పుడు గోడ ఎక్కడా 6 మిల్లీమీటర్ల కంటే పలచబడనివ్వకండి. అడుగున 9 లేదా 10 ఉండాలి.

గాలిమర

చెక్క గురించి అడిగారు, ఎవరూ పూర్తిగా చెప్పలేదు.

బ్రయర్ వాడుకలోకి వచ్చింది 1850ల నుంచి. ఫ్రాన్స్‌లో జూరా కొండల్లో ఉన్న సెంట్ క్లోడ్ పట్టణం దానికి కేంద్రమైంది. అంతకు ముందు మట్టి పైపులు, టర్కీలో ఎస్కిషెహిర్ దగ్గర దొరికే మీర్‌షామ్ అనే తెల్లటి మెత్తటి రాయితో చేసిన పైపులు ఉండేవి. బ్రయర్ గట్టిగా, బరువుగా ఉండి వేడికి తట్టుకుంటుంది, తడిని పీల్చుకుంటుంది, పొగకు తన రుచి అంటనివ్వదు. అయితే గడ్డను తవ్వి కోసిన వెంటనే ఈ గుణాలు రావు. దిమ్మలను గంటల తరబడి ఉడకబెట్టి అందులోని రసాన్ని, వగరును తీసేస్తారు. ఆ తర్వాత నెమ్మదిగా, నెలల నుంచి ఏళ్ల దాకా ఆరబెడతారు. మీ దగ్గరికి వచ్చిన దిమ్మ పూర్తిగా ఆరిందో లేదో తెలియకపోతే తూకం వేసి రాసిపెట్టుకోండి. కొన్ని వారాలకోసారి తూచండి. బరువు తగ్గడం ఆగిన తర్వాతే పని మొదలుపెట్టండి.

వేరే చెక్కలూ ఉన్నాయి. ఆలివ్, చెర్రీ, పియర్, బురదనేలల్లో వందల ఏళ్లు కూరుకుపోయి నల్లబడిన ఓక్, ఇవన్నీ వాడతారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఐరోపా నుంచి బ్రయర్ రాక ఆగిపోయినప్పుడు అమెరికాలో మౌంటెన్ లారెల్ గడ్డతో పైపులు చేశారు. మొక్కజొన్న కంకి పైపుల సంగతి అందరికీ తెలిసిందే. కానీ ఏ చెక్క పడితే ఆ చెక్క మాత్రం వద్దు. గన్నేరు, యూ, లేబర్నమ్ లాంటివి విషపు చెట్లు, వాటి ముక్క కూడా దగ్గరికి రానివ్వకండి. ఏ చెట్టుదో తెలియని ముక్కా వద్దు. రంగు పూసిన చెక్క, రసాయనాలు పట్టించిన చెక్క, ప్లైవుడ్ కూడా వద్దు. ఇది నోట్లో పెట్టుకుని, లోపల నిప్పు రాజేసే వస్తువు.

ఇంకొకటి. బ్రయర్ ధూళి పిండి కంటే మెత్తగా ఉంటుంది. కొయ్య ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో చేర్చింది. మూతికి గుడ్డ కట్టుకుంటే సరిపోదు. ముఖానికి బిగుతుగా పట్టే, ధూళిని వడగట్టే మాస్కు పెట్టుకోండి. నోటిగొట్టం అరగదీసేటప్పుడు కూడా.

తెల్లకాగితం

నేను పొగతాగను. పొగాకు ఏ రూపంలోనైనా హాని చేసేదే, పైపు పొగ వల్ల కూడా నోటి, గొంతు క్యాన్సర్ ముప్పు ఉంది. అయినా పైపులు చేస్తాను. అరచేతిలో ఇమిడే ముక్కలో ఇన్ని వంపులు, ఇంత కచ్చితమైన కొలతలు కోరే వస్తువు ఇంకొకటి నాకు తారసపడలేదు. చేసినవి అరలో పెట్టుకుంటాను, అడిగిన చేతిపనివాళ్లకు ఇస్తాను. పొగతాగనివాళ్లు ఇక్కడ ఉండవచ్చా అని మొహమాటపడేవాళ్లు ఉంటే వాళ్ల కోసం ఈ మాట.

అలాగని లోపలి రంధ్రాలను నిర్లక్ష్యం చేయను. ఉత్త గాలి పీల్చి చూస్తాను. ఈల శబ్దం వచ్చినా, ఎక్కడో అడ్డు తగిలినట్టు అనిపించినా పని పూర్తి కానట్టే.

నల్లగొట్టం

ఇంతసేపూ గిన్నె గురించే మాట్లాడారు. పెదాలకూ పళ్లకూ తగిలేది నోటిగొట్టం. మంచి పైపును వేరుచేసి చూపేది అదే అని నేను గట్టిగా నమ్ముతాను.

ముడిసరుకు రెండు రకాలు. ఎబొనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. నెల్సన్ గుడ్‌ఇయర్ 1851లో దీనికి పేటెంటు పొందాడు. పంటికి మెత్తగా ఉంటుంది, ఆకురాయికి తేలిగ్గా లొంగుతుంది. దోషం ఏమిటంటే ఎండ తగిలితే పైన ఆకుపచ్చా గోధుమా కలిసిన రంగు పట్టి రుచి చెడుతుంది. రెండోది యాక్రిలిక్. రంగు మారదు, మెరుపు పోదు, కానీ పంటికి గట్టిగా, పనికి పెళుసుగా ఉంటుంది. మొదటిసారికి ఎబొనైట్ చాలు.

కాడ గుంటలోకి దిగే ముక్కను టెనన్ అంటాం. దాని పొడవు గుంట లోతుకు దాదాపు సమానంగా ఉండాలి. మధ్యలో ఖాళీ మిగిలితే అక్కడ తడి చేరి గుడగుడలాడుతుంది. పొడవు ఎక్కువైతే కాడకూ గొట్టానికీ మధ్య సందు కనిపిస్తుంది. వెంట్రుకవాసి ఖాళీ ఉంచండి. కాడ ముఖం పొగదారికి నిట్టనిలువుగా ఉండాలి. రంధ్రం వేసిన తర్వాత ఆ ముఖాన్ని చదును చేసుకుంటే కుదురుతుంది.

ఇక కొస. పంటి కింద మందం 4 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటే హాయిగా ఉంటుంది. ఇంత సన్నటి ముక్కలో గుండ్రటి దారిని అలాగే చివరిదాకా తీసుకురాలేం. మధ్యలో నుంచి దారి వెడల్పవుతూ, అదే సమయంలో చదునవుతూ వచ్చి, చివర సన్నటి చీలికలా తెరుచుకోవాలి. సన్నటి రంపపు ఆకుతో, సూది ఆకురాళ్లతో ఈ చీలికను లోపలి నుంచి కొద్దికొద్దిగా విప్పుకుంటూ రావాలి. దీపానికి ఎదురుగా పెట్టి చీలికలోంచి చూడండి. లోపల మెట్టు ఉంటే నీడ గీతలా కనిపిస్తుంది. ఆ గీత పోయేదాకా అరగదీయాలి. ఒక్కోసారి గిన్నె మొత్తం చెక్కిన సమయం ఈ చీలికకే పడుతుంది, పట్టనివ్వండి.

వంచాలంటే దారిలో నూలు తీగ దూర్చి వేడి చేయండి, లేకపోతే వంపు దగ్గర దారి నొక్కుకుపోతుంది. మెత్తబడ్డాక గుండ్రటి కర్ర మీద వంచి, చల్లనీళ్లలో ముంచితే అలాగే నిలబడిపోతుంది. ఎక్కువ వేడి చేస్తే పైన బుడగలు వస్తాయి, గంధకం వాసన కొడుతుంది.

గరుకుచెయ్యి

రంధ్రాలు ఉన్న దిమ్మ వచ్చింది, పని జరుగుతోంది. మీరు చెప్పినట్టే నూలు తీగ దూర్చి చూశాను, గొయ్యి అడుగునే సరిగ్గా వచ్చింది. నిలువు గిన్నె, సూటి కాడ ఉండే బిలియర్డ్ ఆకారం తీస్తున్నాను. గిన్నె కుడి పక్క ఆకురాయి పడుతుండగా ఒక చిన్న గుంట బయటపడింది, ఆవగింజంత ఉంటుంది. అరగదీస్తే లోపలికి ఇంకా పెద్దదవుతోంది. లోపల ఎర్రటి పొడి లాంటిది ఉంది. దిమ్మ చెడిపోయినట్టేనా?

చేవమాను

చెడిపోలేదు. ఇసుక గుంటలు అంటాం వాటిని. గడ్డ పెరిగేటప్పుడు రాళ్ల చుట్టూ, మట్టి చుట్టూ చెక్క మూసుకుపోవడం వల్ల వస్తాయి. బయటికి కనిపించని దిమ్మలో కూడా లోపల ఉండవచ్చు. మచ్చ లేని బ్రయర్ అరుదు, అందుకే నునుపు పైపుల్లో గుంట లేనివాటికి అంత విలువ.

సూది మొనతో ఆ పొడి అంతా తీసేసి లోతు చూడండి. గొయ్యి వైపుకు పోతుంటే మాత్రం ఆలోచించాలి, అక్కడ గోడ కాలిపోయే ప్రమాదం ఉంది. పైపైనే ఆగితే భయం లేదు.

వంకరకాడ

పైపైనే ఆగిందంటే ఆ పక్కను నునుపు చేయకండి, గరుకు చేయండి. చిన్న గుండ్రటి మొన ఉలితో దగ్గరదగ్గరగా గుంటలు పెడుతూ గిన్నె చుట్టూ తిరగండి. ఇసుక గుంట వాటిలో కలిసిపోతుంది. లప్పం పెట్టి పూడ్చి రంగు పూయడం మాత్రం వద్దు. వేడికి లప్పం రంగు వేరవుతుంది, కొన్నాళ్లకు తెల్లటి చుక్కలా బయటపడుతుంది.

ఇసుకను గాలి పీడనంతో కొట్టే పద్ధతి ఇంకా బాగుంటుంది. మెత్తటి భాగం అరిగి, గట్టి వలయాలు గట్లలా నిలబడతాయి. ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ సంస్థ 1917 ప్రాంతంలో షెల్ అనే పేరుతో ఇలాంటి పైపులు తెచ్చింది. ఆ పని పరికరాలు ఉన్నవాళ్లకే కుదురుతుంది. మీకు ఉలి చాలు. అంచు చుట్టూ వేలెడు వెడల్పు, కాడ చివర కాస్త నునుపుగా వదిలేయండి. గరుకు పక్కన ఆ నునుపు ఉంటేనే రెండూ అందంగా కనిపిస్తాయి.

గరుకుచెయ్యి

గుంట పైపైనే ఆగింది. మీరు చెప్పినట్టే గిన్నె గరుకు చేసి, అంచు నునుపుగా ఉంచాను. ఇప్పుడు రంగు, మెరుపు మిగిలాయి. 400 నంబరు ఉప్పుకాగితం దాకా వచ్చాను. వార్నిష్ పూయవచ్చా? లోపల గొయ్యికి ఏమైనా పూయాలా?

తెల్లకాగితం

వార్నిష్ వద్దండి. వేడికి బుడగలు వస్తాయి, చెక్క ఊపిరి కూడా ఆగిపోతుంది. మైనమే సరైనది.

400 తర్వాత తడిగుడ్డతో ఒకసారి తుడవండి. చెక్క నూగు లేచి నిలబడుతుంది. ఆరాక అదే నంబరుతో మళ్లీ తేలిగ్గా రుద్ది, 600, 800 దాకా వెళ్లండి. సాయంత్రపు ఏటవాలు వెలుతురులో తిప్పి చూస్తే గీతలు ఎక్కడ మిగిలాయో తెలుస్తుంది. రంగు వేశాక అవి రెట్టింపుగా కనిపిస్తాయి కాబట్టి ఇక్కడ ఓపిక పట్టాలి.

రంగుకు స్పిరిట్‌లో కరిగే తోలు రంగు వాడతాను. ముందు ముదురు రంగు పూసి, ఆరాక పైపైన రుద్దేస్తే మెత్తటి భాగంలో ఆ రంగు నిలిచి, గట్టి భాగంలో పోతుంది. దాని మీద లేత రంగు పూస్తే గీతలు విడివిడిగా లేచి కనిపిస్తాయి. మీ గరుకు గిన్నెలో గుంటలు ముదురుగా, గట్లు లేతగా నిలుస్తాయి. గొయ్యిలోకీ పొగదారిలోకీ చుక్క కూడా పోకుండా గుడ్డతో బిగించి మూయండి.

చేవమాను

గొయ్యి సంగతి. ఏమీ పూయకుండా వదిలేసినా తప్పులేదు. పూయాలనుకుంటే యాక్టివేటెడ్ బొగ్గు పొడిని పెరుగులోనో మజ్జిగలోనో కలిపి పలచగా పూసి, పూర్తిగా ఆరనిస్తారు. కొందరు సోడియం సిలికేట్‌లో కలుపుతారు. నాకు పెరుగుదే ఇష్టం, చెక్కను బిగించేయదు. పొగదారి నోరు మూసుకుపోకుండా పూసేటప్పుడు అందులో తీగ ఉంచండి.

గరుకుచెయ్యి

రంగు ఆరింది. కార్నోబా మైనం తెప్పించాను, రాయిలా ఉంది. గుడ్డతో రుద్దితే అంటుకోవడం లేదు. గరుకు గుంటల్లోకి ఎలా పట్టించాలి?

నల్లగొట్టం

కార్నోబా 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు, చేతి రాపిడి దానికి చాలదు. నునుపు భాగానికి డ్రిల్లులో మెత్తటి నూలు చక్రం బిగించి, ఆ చక్రానికి మైనం తాకించి, పైపును తేలిగ్గా ఆనించండి. చక్రం కింది సగానికే ఆనించాలి, పై అంచు తాకితే పైపును లాగి విసిరేస్తుంది. నోటిగొట్టాన్ని విడిగా తీయకండి, కాడకు బిగించి ఉంచే మెరుగు పెట్టండి, లేకపోతే కలిసే చోట అంచులు గుండ్రబడతాయి.

గరుకు భాగానికి కార్నోబా వద్దు. గుంటల్లో పేరుకుని తెల్లగా మిగిలిపోతుంది. తేనెమైనం కలిసిన మెత్తటి మైనం వేలితో పట్టించి, కాసేపు ఆగి, బూట్లు తుడిచే లాంటి బ్రష్‌తో గట్టిగా రుద్దండి. కొత్త బ్రష్ వాడండి, పాతదానికి నల్ల పాలిష్ ఉంటుంది.